చేతికి తగిన పిస్తోలు

కత్తిపీటను గొనునపుడు సైతము మన యిల్లాండ్రు పీట యెత్తు చూతురు. కత్తి వంపు చూతురు. కాలి క్రింద నది కదలక నిలుచునో లేదో కూర్చుండి చూతురు. రోకలి గూడ చేతికి తూగినగాని కొనరు. కాని ప్రాణము దీయగల వస్తువొకటి యింటికి వచ్చునపుడు మాత్రము, అది యెవరి చేతికి తగినదని యడుగువారు అరుదు. పురుషులు కొందురు, బీరువాలో బెట్టుదురు, "సమయమునకు నీకును పనికివచ్చును" అందురు. పిస్తోలుతో ఆడువారికేమి పనియని కొందఱు నవ్వవచ్చును. అది యున్న యింట పగలెల్ల నుండువారు స్త్రీలును బిడ్డలునే గదా! కావున దాని గుణదోషములు మనము తెలిసికొనుట తగియే యున్నది.

కోరుకొండ రాజమహేంద్రవరమునకు ఉత్తరముగా, మన్యమునకు బోవు త్రోవలో నున్నది. కొండపై వెలసిన లక్ష్మీనరసింహస్వామి సేవకై వచ్చువారికది పుణ్యక్షేత్రము. ఆ త్రోవనే ముందుకు సాగినచో తుపాకుల చరిత్ర గల సీమ. లిట్టను ప్రభువు ఏలుబడిలో, 1878లో, లైసెన్సు లేక భారతీయులు ఆయుధము లుంచుకొనరాదని చట్టము వచ్చెను. మఱుసటియేడే రంపలో తిరుగుబాటు చెలరేగెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి తుపాకులను గొనిపోయెను. తెలుగు స్త్రీకిని తుపాకి క్రొత్త గాదు; తెలంగాణ సాయుధ పోరాటమున మల్లు స్వరాజ్యముగారు దళమును నడపిన సంగతి లోకవిదితము. ఆ దినములు గడచినవి. నేడు ఆయుధము గోరువారికి 1959వ సంవత్సరపు చట్టమే దారి. ఆత్మరక్షణకో, గుఱి క్రీడకో లైసెన్సు గోరు స్త్రీలును గలరు. వారికిని, అట్టి వస్తువున్న యింటివారికిని ఈ నాలుగు మాటలు.

సుత్తి చేయు పని

దీపావళికి బిడ్డలు పేల్చు బిళ్ల తుపాకిని మీరందఱు చూచియే యుందురు. మీట నొక్కగానే చిన్న సుత్తి వెనుకకు లేచి, ముందుకు బడి, బిళ్లను గొట్టును, బిళ్ల పేలును. నిజమైన పిస్తోలులోని తంత్రమును ఇదియే. తూటా అడుగున దెబ్బకు మండు మందుగల చిన్న టోపి యుండును. సుత్తి దెబ్బ సూదిమొన ద్వారా దానికి దగులును. టోపి మండి లోపలి మందును రగుల్చును. అందుండి పుట్టిన వాయువు గుండును గొట్టము వెంట త్రోయును.

సుత్తియే లేక, లోపలి సూది స్ప్రింగు బలముచే దూకి టోపిని పొడుచునట్టి పిస్తోళ్లును నేడు విస్తారముగ నున్నవి. వానిలో పలువానికి లోపలి స్థితి పైకి అంతగా గానరాదు. సుత్తి బయటనున్న దానికొక సుగుణము గలదు. అది లేచియున్నదో, పడియున్నదో కంటికి గనబడును. చీకటిలో బొటనవ్రేలికి దెలియును. అయినను సుత్తి పడియున్నంతమాత్రమున లోపల తూటా లేదని తలపరాదు. తెఱచి కంటితో చూచి, వ్రేలితో తడవి చూచినగాని యే తుపాకియు ఖాళీ యని నమ్మరాదు.

మొదట చేయి, పిదప ధర

పిస్తోలును ఎన్నుకొనువారు మొదట చూడవలసినది తమ చేతినే. లైసెన్సు గల అంగడిలో తూటాలు లేవని అంగడివాడును తామును వేర్వేఱుగ చూచుకొన్న పిమ్మట, గొట్టమును నిరపాయమైన దిక్కునకు త్రిప్పి పిడిని పట్టుకొనవలెను. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న వంపు పిడి పైకొనకు అంటుకొని కూర్చుండవలెను. గొట్టము ముంజేతికి తిన్నగ నుండవలెను. అప్పుడు చూపుడువ్రేలి మొదటి కణుపు మెత్తనిభాగము మీటకు అందినయెడల ఆ పిడి ఆ చేతికి తగినది. అందుటకై మణికట్టును పక్కకు త్రిప్పవలసి వచ్చెనా, ఆ పిస్తోలు ఎంత పేరుపొందినదైనను దానిని విడువవలెను. పెద్ద పిడిని పట్టిన చిన్న చేయి మీటను తిన్నగ వెనుకకు లాగలేదు, పక్కకు త్రోయును. గుండు ఆ పక్కకే పోవును. లోపము కంటిదని తలతురు గాని, నిజమునకది పిడిది. కొన్నిటికి పిడి చెక్కలు మార్చుకొను వీలుండును. ఎడమచేతివాటము గలవారు మీటలన్నియు ఆ చేతికి అందునో లేదో చూచుకొనవలెను.

రెండవది లాగుబలము. సుత్తిని ముందే బొటనవ్రేలితో ఎత్తి పేల్చుట యొక పద్ధతి. అప్పుడు మీట చేయు పని సుత్తిని విడుచుటయే; సుమారు రెండు కిలోల బలము చాలును. మీటయే సుత్తిని ఎత్తి విడుచుట రెండవ పద్ధతి. దానికి నాలుగైదు కిలోల బలము కావలెను. వ్రేలు చాల దూరము నడవవలెను. ఈ బరువే ఒక కాపుదల. తగిలీ తగులకమునుపే పేలదు. కాని బలము చాలని చేయి వణకి గుఱి తప్పును. తమంతట తామే తూటా నెక్కించుకొను పిస్తోళ్లలో చిక్కు మఱియొకటి. మొదటిసారి మీట బరువుగ నుండును; అది పేలగానే వెనుకకు వచ్చిన పైతొడుగు సుత్తిని ఎత్తిపెట్టును గనుక రెండవసారి తేలికగును. ఒకే వ్రేలికి రెండు బరువులు! అలవాటులేనివారు రెండవ తూటాను తాము తలచిన క్షణమునకు ముందే పేల్చుదురు. రివాల్వరులో ఎత్తక లాగినచో ప్రతిసారియు ఒకటే బరువు.

ఈ జాతి పిస్తోళ్ల పైతొడుగును వెనుకకు లాగుటయు కొందఱు స్త్రీలకు కష్టముగ దోచును. స్ప్రింగుతోపాటు సుత్తి బరువును ఎత్తవలసి వచ్చుటయే అందులకు కారణము. సుత్తి బయట నున్నచో దానిని మొదట ఎత్తిపెట్టి, పిదప తొడుగును లాగిన సులువగును. ఎత్తిన సుత్తిని తూటాపై మెల్లగా దింపుట మాత్రము అపాయకరమైన పని. వ్రేలు జాఱినచో పేలును. ఆ పనికి ప్రత్యేకముగ మీట యమర్చిన పిస్తోలు గృహస్థులకు మేలు.

తేలిక యెల్ల సుఖము గాదు

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరమునకు పిమ్మట, 2014 జనవరిలో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము "నిర్భీక్" అను రివాల్వరును స్త్రీల కొఱకని వెలువరించెను. పాయింటు 32 తూటా. బరువు సుమారు 500 గ్రాములు. ఆనాటి ధర 1,22,360 రూపాయలు. ధర మాట యటుండనిండు. చేతిసంచిలో ఇముడునది కాల్చుటకును సుఖమని తలచుట పొరబాటు. గుండు ముందుకు బోవునపుడు తుపాకి వెనుకకు తన్నును. ఒకే తూటాను కాల్చినచో బరువైన తుపాకి తక్కువగను, తేలికదానిది ఎక్కువగను తన్నును. పాయింటు 32 తూటా బలము తక్కువది గనుక ఆ తన్ను భరింపదగినదే. 2023లో కాన్పూరునుండియే వచ్చిన "ప్రబల్" సుమారు 700 గ్రాములు తూగును. మోయుటకు మొదటిది, కాల్చుటకు రెండవది హాయి యనుకొనవచ్చును. స్త్రీలదని పేరు పెట్టినంతనే అది ప్రతి స్త్రీ చేతికిని తగదు. నిర్ణయింపవలసినది పేరు గాదు, చేయి.

ఈ సత్యమునకు క్రీడారంగము సాక్షి. 1984 లాసేంజిలిస్ ఒలింపిక్కులనుండి స్త్రీలకు 25 మీటర్ల పిస్తోలు పోటీ గలదు. పాయింటు 22 తూటా. ఒంటిచేతితో 60 సార్లు కాల్చవలెను. పిస్తోలు 1,400 గ్రాములకు మించరాదు. మీట బలము 1,000 గ్రాములకు తగ్గరాదు. ఆ పిస్తోళ్ల పిడులు ఎవరి చేతికి వారికి చెక్కిన కఱ్ఱ పిడులు. హైదరాబాదు బాలిక ఈషాసింగు 2018లో తన పదుమూడవ యేటనే జాతీయ విజేత యయ్యెను. 2023లో హాంగ్ఝౌ ఆసియా క్రీడలలో మను భాకరు, రిథం సాంగ్వానులతో గూడి ఈ పోటీలో 1,759 పాయింట్లతో స్వర్ణము గెలిచెను. వ్యక్తిగతముగ రజతము గొనెను. బాహుబలముచే గాదు, చేతికి తగిన పిడియు నిత్యాభ్యాసమును ఉన్నందువలననే యిది సాధ్యమయ్యెను.

ఇల్లాలు మఱువరానివి

లైసెన్సు మనిషిది, ఇంటిది గాదు. భర్త పేరనున్న దానిని ఆయన లేనపుడు భార్య తీసికొని తిరుగుటకు చట్ట మొప్పదు. తనకు కావలెనన్న తన పేర కలెక్టరు కచేరీలో దరఖాస్తు చేసికొనవలెను. ఇరువదియొక యేండ్లు నిండియుండవలెను. 2016 నిబంధనల ప్రకారము భద్రతా శిక్షణ పొందవలెను. లైసెన్సుదారు గతించినచో తుపాకిని బీరువాలోనే యుంచరాదు. దుఃఖములోనున్నను, ఆలసింపక దగ్గఱి పోలీసు ఠాణాలోనో లైసెన్సు గల వర్తకునివద్దనో అప్పగింపవలెను. పిమ్మట వారసులు లైసెన్సుకై అడుగవచ్చును. ఈ సంగతి తెలియక నేరములో చిక్కువారు సామాన్యముగ విధవరాండ్రే.

ఇంటిలో నుంచునపుడు తుపాకి యొక తాళములోను, తూటాలు వేఱొక తాళములోను ఉండవలెను. తాళపుచెవి బిడ్డల కంటబడరాదు. బిళ్ల తుపాకితో ఆడిన చేతికి అసలుదానికిని దానికిని భేదము తెలియదు. ఇంట నెవరైనను మితిమీఱిన కోపమో, త్రాగుడో, బ్రదుకుపై విరక్తియో గలవారుండిరా, ఆ యింట పిస్తోలు రక్షణ గాదు, అపాయమే. శత్రువు రాకమునుపే అది ఇంటివారిని బలిగొనవచ్చును.

కావున సోదరీమణులారా, మీయింట పిస్తోలు కొనదలచినపుడు మూడు ప్రశ్నలు నిస్సంకోచముగ నడుగుడు. ఇది ఎవరి చేతికి అమరినది? ఆ చేయి తఱచుగా అభ్యసించునా? దీని తాళము ఎవరి యధీనమున నుండును? మూటికిని సరియైన ప్రత్యుత్తరము వచ్చినచో మంచిది. రానిచో వలదనుడు. తగినదాని నేరుట యెంత వివేకమో, తగనిదానిని గడప దాటనీయకుండుటయు నంత వివేకమే.