పావు మైలు పందెంలో గుర్రాలెన్ని, కిలోలెన్ని?

నెల్లూరు నుంచి ముంబయి రోడ్డు పట్టుకుని పదిహేను కిలోమీటర్లు పోతే బుచ్చిరెడ్డిపాలెం. జిల్లాలో అందరికీ అది బుచ్చి. కోదండరామస్వామి గుడి, రైస్ మిల్లులు, కనిగిరి రిజర్వాయరు నీళ్ళు పారే వరి కయ్యలు, వాటి మధ్యలో ధాన్యం లారీలతో ఎప్పుడూ సందడిగా ఉండే జాతీయ రహదారి. ఇలాంటి ఊళ్ళలో మెకానిక్ షెడ్డు ముందు నాలుగు పాత బండ్లు చేరితే చాలు, యమహా ఆర్ఎక్స్ 100 వాళ్ళకూ బుల్లెట్ వాళ్ళకూ మాటల యుద్ధం మొదలవుతుంది. "నీ బుల్లెట్ ఏంది మామా, మా యమహా పొగ కూడా చూడలేదు" అని ఒకరు. "పొగ తప్ప ఏముందబ్బయా దాంట్లో" అని ఇంకొకరు. ఒక బండి ఉత్పత్తి 1996లో ఆగిపోయింది, ఇంకోటి వాదించే మనుషుల కంటే పాత డిజైను. అయినా పంతం మాత్రం ఏటా కొత్తగానే ఉంటుంది.

ఈ పంతానికి పెద్దన్న అమెరికాలో ఉన్నాడు. 1964లో పాంటియాక్ కంపెనీ మధ్యరకం కారులో పెద్ద ఇంజను బిగించి జీటీఓ పేరుతో అమ్మింది. అదే ఏడు ఏప్రిల్‌లో ఫోర్డ్ మస్టాంగ్ వచ్చింది. దానికి జవాబుగా రెండేళ్ళకు షెవ్రోలే కమారో. క్రైస్లర్ వాళ్ళు ఏడు లీటర్ల హెమీ ఇంజనుతో దిగారు, కాగితం మీద దాని బలం 425 హార్స్ పవర్. ఫోర్డ్ ఇంటివాడు షెవ్రోలే ఎక్కడు, షెవ్రోలే ఇంటివాడు ఫోర్డ్ కొనడు. మనకు హీరోల అభిమానులు ఎట్లాగో వాళ్ళకు ఇవి అట్లా. తేల్చుకునే చోటు డ్రాగ్ స్ట్రిప్: రెండు వరుసలు, నిలబడిన చోటి నుంచి బయలుదేరడం, పావు మైలు, అంటే 402 మీటర్లు, ముందు చేరినవాడిదే గెలుపు. వీధి పందేలను ట్రాకుల మీదికి తేవాలని వాలీ పార్క్స్ 1951లోనే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంఘం పెట్టాడు. ఇందులో ఓ తమాషా ఉంది. 1970లో బొమ్మ కార్ల కంపెనీ డబ్బుతో దేశమంతా తిరిగి తలపడ్డ ఇద్దరు వీరులు, 'స్నేక్' డాన్ ప్రుధోమ్, 'మంగూస్' టామ్ మెక్‌యువెన్, బయట స్నేహితులు. ఇద్దరి కార్లూ ప్లిమత్ కంపెనీవే. పాము-ముంగిస పోరు చూసి గొంతు చించుకున్న జనానికి ఆ సంగతి పట్టలేదు.

మనకు దగ్గరలోనూ ఇలాంటి చోటు ఒకటుండేది. నెల్లూరు నుంచి మద్రాసుకు బస్సులో పోతుంటే రెడ్‌హిల్స్‌కు ముందు వచ్చే షోళవరం. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద, 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ రేసులు నడిపేది. టీవీఎస్ వాళ్ళు 1982లో సొంత రేసింగ్ జట్టు పెట్టుకున్నారు. ఇటు సుజుకీ, అటు యమహా అంటూ వంద సీసీ బండ్లకు అభిమాన సంఘాలు మొలిచింది ఆ దశకంలోనే. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో అసలైన ట్రాక్ తయారైంది.

సరే, లెక్కలోకి వద్దాం. అభిమానులు పోట్లాడుకునేది ఎప్పుడూ హార్స్ పవర్ మీద. ఆర్ఎక్స్ 100కు 11, పాత బుల్లెట్ 350కి 18. అయితే పావు మైలు పందెం హార్స్ పవర్‌ను అంత గౌరవించదు. ఇంజను ఇచ్చే శక్తి అంతా బండిని ఉరికించడానికే ఖర్చవుతుందనుకుంటే, వేగం సమయానికి వర్గమూలం చొప్పున పెరుగుతుంది. దాన్నుంచి దూరం లెక్కగట్టి తిరగేస్తే తేలేది ఇది: బండీ మనిషీ కలిపి ఎన్ని కిలోలో చూసి, దాన్ని హార్స్ పవర్‌తో భాగించి, వచ్చినదానికి ఘనమూలం తీసి, 6.25తో గుణిస్తే 402 మీటర్లకు పట్టే సెకన్లు వస్తాయి. గాలి, గేర్లు, టైరు జారుడు ఏవీ లేని ఆదర్శ బండికి ఈ లెక్క. నిజం బండికి ఇంకో 20, 30 శాతం కలుపుకోవాలి. అమెరికా ఆటో పత్రికల్లో రాసిన రోజర్ హంటింగ్టన్ కార్ల పరీక్షల నుంచి ఇదే ఘనమూల సంబంధాన్ని అనుభవం మీద పట్టుకున్నాడు. 1973లో జెఫ్రీ ఫాక్స్ దాని వెనకున్న భౌతికశాస్త్రాన్ని ఒక పరిశోధన పత్రికలో విప్పి చూపాడు.

ఆర్ఎక్స్ 100 బరువు సుమారు 103 కిలోలు. నడిపేవాడు 65 కిలోలైతే మొత్తం 168. ఒక్కో గుర్రం మీద 15.3 కిలోలు. లెక్క ప్రకారం 15.5 సెకన్లు. బుల్లెట్ సుమారు 165, మనిషితో 230. గుర్రానికి 12.8 కిలోలు, 14.6 సెకన్లు. అంటే కాగితం మీద బుల్లెట్టే గెలవాలి! యమహా వాళ్ళు పత్రిక పక్కన పడేయకుండా ఉంటే, ఎందుకలా జరగకపోవచ్చో ముందు ముందు చెబుతాను.

ఘనమూలం చేసే మాయ చూడండి. హార్స్ పవర్ రెట్టింపు చేస్తే సమయం సగం కాదు, అయిదో వంతు మాత్రమే తగ్గుతుంది. సగం కావాలంటే ఎనిమిది రెట్ల బలం కావాలి. పది శాతం బలం పెంచడానికి మెకానిక్ చేతిలో వేలు పోస్తే, యమహాకు కలిసొచ్చేది అర సెకను కంటే తక్కువ. జెండా ఊపినప్పుడు ఆ కుర్రాడు ఎవరినో చూస్తూ ఉండిపోతే ఆ అర సెకను అక్కడే పోతుంది. బలానికి ఎంత ఘనమూలమో బరువుకూ అంతే. పది కిలోలు తక్కువ ఉన్నవాడు బండెక్కితే యమహాకు 0.3 సెకను మిగులుతుంది. చేపల పులుసుతో రెండోసారి అన్నం పెట్టించుకునే ముందు రైడరు ఆలోచించుకోవలసిన లెక్క ఇది. వెనక 65 కిలోల స్నేహితుణ్ణి ఎక్కించుకుంటే ఆర్ఎక్స్‌కు పోయేది 1.8 సెకన్లు, బుల్లెట్‌కు 1.3 మాత్రమే. తేలిక బండికి ప్రతి కిలో బరువే.

ఇక్కడ మన ఊళ్ళ సొంత పందెం ఒకటి గుర్తు చేయాలి. సంక్రాంతికీ తిరునాళ్ళకూ ఒంగోలు జాతి ఎడ్లతో పెట్టే బండలాగుడు. ఈ జాతికి ప్రపంచంలో పెద్ద పేరు తెచ్చింది బ్రెజిల్. అక్కడ వీటి సంతతిని 'నెలోర్' అంటారు, మన జిల్లా పేరే. ఈ ఎడ్లు బ్రెజిల్ చేరడం మొదలైన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళ విభాగాలు, మైకులో యజమాని పేరూ ఊరి పేరూ, గట్టు మీద ఈలలు. మస్టాంగ్-కమారో గొడవకు ఏమాత్రం తీసిపోదు.

కానీ కొలత తిరగబడి ఉంటుంది. డ్రాగ్ రేసులో దూరం కట్టి కాలం కొలుస్తారు. బండలాగుడులో కాలం కట్టి దూరం కొలుస్తారు, అదీ అడుగుల్లెక్కన. ఇది చిన్న తేడా కాదు. బండ ఉరకదు, నేలతో రాపిడి పడుతూ ఒకే తీరున కదులుతుంది. ఎద్దుల శక్తి మొత్తం ఆ రాపిడిని గెలవడానికే. టన్ను బండను అయిదు వేల న్యూటన్ల బలంతో లాగాలనుకుందాం. సెకనుకు అర మీటరు చొప్పున కదిలిస్తే ఆ జత 2,500 వాట్లు, అంటే మూడు హార్స్ పవర్ పైచిలుకు ఇస్తున్నట్టు. పది శాతం ఎక్కువ శక్తి ఉన్న జత సరిగ్గా పది శాతం ఎక్కువ దూరం లాగుతుంది. ఘనమూలం అడ్డు రాదు. బలాన్ని కొలవడమే ఉద్దేశమైతే మన పందెమే నిక్కచ్చి కొలత, అమెరికా వాళ్ళది తేడాలను నలిపేసే కొలత. ఎడ్లవాళ్ళకు తెలిసిన ఇంకో రహస్యం కూడా ఉంది. బండ ఒకసారి ఆగితే మళ్ళీ కదిలించడానికి నడుస్తున్నప్పటికంటే ఎక్కువ బలం పట్టాలి, ఎందుకంటే నిలకడ రాపిడి కదలిక రాపిడి కంటే పెద్దది. అందుకే మలుపు దగ్గర కూడా జతను నిలవనీయరు.

ఇదే రాపిడి టైరు కింద ఉంటే మిత్రుడు. ఎంత బలమున్నా రోడ్డును పట్టుకునే టైరు ఒప్పుకున్నంతే బండి ముందుకు పోతుంది. ఆర్ఎక్స్‌కు ఈ బాధ గంటకు 20, 22 కిలోమీటర్ల దాకానే. ఆ వేగం దాటితే 11 గుర్రాలకు టైరును జార్చే సత్తా ఉండదు. అదే 425 హార్స్ పవర్‌తో మనిషితో కలిసి 1,800 కిలోలుండే హెమీ కారు, ఆ కాలపు సన్నని టైర్ల మీద, గంటకు 120 దాటే దాకా వెనక చక్రాలను ఉత్తినే తిప్పగలదు. బుచ్చి కుర్రాళ్ళు ఇంజను గురించి, అమెరికా వాళ్ళు టైర్ల గురించి ఎక్కువ మాట్లాడటానికి కారణం ఇదే. పందేనికి ముందు వాళ్ళు పొగలు లేచేలా చక్రం తిప్పేది కేవలం ఆర్భాటం కాదు. వేడెక్కిన రబ్బరు మెత్తబడి నేలకు అతుక్కుంటుంది. బయలుదేరగానే కారు బరువు వెనక్కి వాలి వెనక టైరును ఇంకా అదుముతుంది. బైకుకు ఇదే ప్రమాదం, ముందు చక్రం లేచిపోతుంది. డ్రాగ్ బైకుల వెనక భాగాన్ని సాగదీసి కట్టేదీ, నడిపేవాడు ట్యాంకు మీద బోర్లా పడుకునేదీ అందుకే.

ఇక యమహా వాళ్ళకు బాకీ ఉన్న జవాబు. ప్రకటనల్లోని హార్స్ పవర్ ఒక్క ఆర్‌పీఎం దగ్గర దొరికే గరిష్ఠం. బుల్లెట్ ఇంజనులో బరువైన ఫ్లైవీల్ ఉంటుంది. ఆ డుగ్‌డుగ్ నిదానానికీ, ఎత్తులో కూడా ఆగిపోని మొండితనానికీ అదే కారణం. కానీ వేగం పెంచాలంటే ముందు దాన్నే వేగంగా తిప్పాలి. మొదటి గేర్‌లో దాని బరువు గేర్ నిష్పత్తి వర్గం చొప్పున బండికి అదనపు భారంగా అనిపిస్తుంది. పైగా అది ఫోర్-స్ట్రోక్, రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. ఆర్ఎక్స్ టూ-స్ట్రోక్, ప్రతి చుట్టుకూ మండుతుంది. ఫ్లైవీల్ తేలిక కాబట్టి, మొదటి యాభై అరవై మీటర్లు అది ముందుంటే ఆశ్చర్యం లేదు.

టూ-స్ట్రోక్‌లో సైలెన్సర్ ఇంజనులో భాగమే. మండిన వాయువు ఒక ఒత్తిడి తరంగంగా గొట్టంలోకి దూకుతుంది, సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో. గొట్టం ఇరుకయ్యే చోట తగిలి వెనక్కి వస్తుంది. సరైన క్షణానికి చేరితే, పొరపాటున బయటికి జారిపోతున్న తాజా పెట్రోలు మిశ్రమాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. 7,500 ఆర్‌పీఎం దగ్గర ఒక చుట్టుకు పట్టేది 8 మిల్లీసెకన్లు. అందులో కొద్ది భాగమే ఆ క్షణం. చప్పుడు బాగుంటుందని లోపలి బాఫిల్ పీకించేవాళ్ళు ఈ తరంగం లెక్కను చెడగొట్టుకుంటారు. బండి గట్టిగా అరుస్తుంది, చాలాసార్లు నెమ్మదిగా పోతుంది.

వేగం గంటకు వంద దగ్గర పడే కొద్దీ ఇంకో ప్రత్యర్థి వస్తుంది, గాలి. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. నిటారుగా కూర్చుని గంటకు వంద దగ్గర ఆర్ఎక్స్ పదకొండు గుర్రాల్లో ఎనిమిది తొమ్మిది గాలికే పోతాయి. మన కోస్తా సంగతి ఇక్కడ పనికొస్తుంది. మధ్యాహ్నం తూర్పు నుంచి సముద్రపు గాలి లేస్తుంది, ముంబయి రోడ్డు పడమటికి పోతుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలి ఉంటే, గంటకు 90 వేగంతో పడమటన ఉన్న సంగం వైపు పోయేవాడికంటే నెల్లూరు వైపు వచ్చేవాడు దాదాపు రెట్టింపు గాలి ఒత్తిడి ఎదుర్కొంటాడు. 'మొన్న ఇంత టైమ్‌లో కొట్టా' అన్నవాణ్ణి ఎటు నుంచి ఎటు అని అడగాలి.

ధాన్యం లారీలు మలుపు తిరిగే రోడ్డు మీద ఇది తేల్చుకోవాలనుకోవడం వేరే సంగతి. గంటకు 90తో పోయే బైకు, చూసి బ్రేకు వేసి ఆగే సరికి ఎంత లేదన్నా 70 మీటర్లు పోతుంది, డ్రమ్ బ్రేకులైతే ఇంకా ఎక్కువ. రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అన్ని జాగ్రత్తలున్న అమెరికా ట్రాకుల్లోనే 2008లో స్కాట్ కలిట్టా చనిపోయాక, అత్యంత వేగపు కార్లకు పావు మైలును 1,000 అడుగులకు కుదించారు. ఆగడానికి చోటు చాలదని.

తేల్చుకునే పద్ధతి ఒకటుంది. రైస్ మిల్లులో బస్తాలు తూచే కాటా మీద ముందు చక్రం పెట్టి, వెనక చక్రం అదే ఎత్తులో ఇటుకల మీద నిలిపి తూకం చూడాలి. తర్వాత వెనక చక్రం అలాగే. మనిషి కూర్చుని ఉండగా. మొత్తం బరువు తెలుస్తుంది, ఏ చక్రం మీద ఎంతుందో కూడా తెలుస్తుంది. పైన చెప్పిన 6.25 లెక్క వేస్తే బండి ఎంత ఇవ్వాలో వస్తుంది. తర్వాత ట్రాకుకు పోవాలి. ఒకసారి రైడర్లను మార్చి నడిపించాలి, లేకపోతే గెలిచింది బండో మనిషో తెలియదు. మోటారుసైకిళ్ళ జాతీయ డ్రాగ్ పోటీలు ఇరుంగట్టుకోట్టైలో జరుగుతాయి, కాలాన్ని యంత్రమే కొలుస్తుంది. అయితే అక్కడ విభాగాలు కంపెనీ పేరును బట్టి కాకుండా సీసీని, స్ట్రోకును బట్టి చేస్తారు. వంద సీసీ టూ-స్ట్రోక్ యమహా, 350 సీసీ ఫోర్-స్ట్రోక్ బుల్లెట్ ఒకే విభాగంలో పక్కపక్కన నిలబడవు.