మరచినను మిగులు సంస్కారము

కార్తికమాసపు ఉపన్యాసములలో ఒకనాటి సాయంకాలము మంగళహారతి ముగిసి, భక్తులు ప్రసాదము తీసికొని వెళ్ళుచుండగా ఒక గృహిణి మా యొద్దకు వచ్చి నిలిచినారు. ఆమె అత్తగారికి ఎనుబది యేండ్లు దాటినవి. నలుబది యేండ్లకు పైగా నిత్యము విష్ణుసహస్రనామ పారాయణము చేసినవారు. ఇప్పుడు మరపు వ్యాధి కమ్ముకొన్నది. కోడలిని చూచి "ఎవరి పిల్లవమ్మా నీవు?" అని అడుగుచున్నారట. భోజనము చేసిన అరగంటకే తనకు అన్నము పెట్టలేదని బాధపడుచున్నారట. కాని ప్రక్క గదిలో ఎవరైనను సహస్రనామము ఎత్తుకొన్నచో ఆ పెద్దామె పెదవులు కదలును. నామము వెంట నామము వచ్చుచునే యుండును.

"గురువుగారూ, ఇరువది యేండ్లు అన్నము వండి పెట్టిన నన్నే మరచినారు. మరి నామములెట్లు గుర్తున్నవి? అది గుర్తేనా, ఊరక నోటికి వచ్చుటయా? ఊరక నోటికి వచ్చునదే అయినచో ఇన్నేండ్ల పారాయణము ఏమైనట్లు?" అని అడుగుచు ఆమె కన్నీరు తుడుచుకొన్నారు.

ప్రక్కనే నిలిచియున్న ఒక ఇంజనీరింగు విద్యార్థి, "సహస్రనామము కంప్యూటరు కూడ తప్పులేకుండ చెప్పునండీ. ఈ దినములలో యంత్రములును నేర్చుకొనుచున్నవి. మరి దానికిని మామ్మగారికిని భేదమేమి?" అన్నాడు. పెద్దలు కొందరు అతనిని కోప్పడబోయిరి. మేము వారించితిమి. అతడు అడిగినది పరిహాసమునకు కాదు. ఇరువురి ప్రశ్నయు ఒకటియే. నేర్చుట యనగా ఏమి? నేర్చినది ఎచట నిలుచును? ఆనాడు ప్రొద్దుపోయినందున సగము చెప్పి ముగించితిమి. మిగిలినది ఇచట వ్రాయుచున్నాము.

మొదట రెండు మాటలను వేరుచేసికొనవలెను. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారికి తెలియును, సంస్కారము మూడు విధములని. విడిచిన బాణమును ముందుకు నడపునది వేగము. వంచిన కొమ్మను మరల యథాస్థితికి తెచ్చునది స్థితిస్థాపకము. అనుభవము వలన పుట్టి లోపల నిలిచి, తరువాతి కాలమున స్మృతికి కారణమగునది భావన. కావున సంస్కారమే స్మృతి కాదు. అది కారణము, ఇది కార్యము. కారణము లోపల నుండియు కార్యము పుట్టకపోవచ్చును. దానిని మేల్కొలుపు ఉద్బోధకము కావలెను. ఏనుగును చూచినప్పుడు మావటివాడు జ్ఞప్తికి వచ్చుట ఇందుకు మన శాస్త్రకారులు చెప్పు ఉదాహరణము. ఆ యింట ప్రక్క గదినుండి వినిపించిన మొదటి నామమే ఉద్బోధకము.

ఈ భేదమును మన తార్కికులు యుక్తితో చెప్పిరి. గత శతాబ్దమున ఒక అభాగ్యుని జీవితము దానిని కన్నులకు కట్టించినది.

అమెరికాదేశమున హెన్రీ మొలైసన్ అను యువకుడు తీవ్రమైన మూర్ఛరోగముతో బాధపడుచుండెను. 1953లో, అతనికి 27 ఏండ్ల వయసున, హార్ట్‌ఫర్డు నగరమున విలియం స్కోవిల్ అను శస్త్రవైద్యుడు అతని మెదడులో ఇరువైపుల నుండి కణతల లోపలి భాగములను తొలగించెను. అందు హిప్పోకాంపస్ అను అవయవము చాలవరకు పోయినది. ఆకారమున సముద్రపు గుర్రమును పోలియుండుటచే దానికి గ్రీకు భాషనుండి ఆ పేరు వచ్చినది. మూర్ఛలు తగ్గినవి. కాని నాటినుండి ఆయనకు క్రొత్త సంగతి ఏదియు నిలువదాయెను. బాల్యము గుర్తున్నది, తలిదండ్రులు గుర్తున్నారు, మాటలో మర్యాద చెడలేదు. ఇప్పుడు మాటలాడిన మనిషి బయటికి వెళ్ళి వచ్చినచో క్రొత్తవాడే. బ్రెండా మిల్నర్ అను శాస్త్రవేత్త అనేక సంవత్సరములు ఆయనను పరీక్షించుచు వచ్చెను. కలిసిన ప్రతిసారి ఆయనకు ఆమె అపరిచితురాలే.

ఆమె చేసిన పరీక్షలలో ఒకటి చెప్పవలెను. కాగితముపై నక్షత్రపు బొమ్మను రెండు గీతలతో గీచియుంతురు. చేతిని నేరుగా చూడరాదు. అద్దములో మాత్రము చూచుచు ఆ రెండు గీతల నడుమ పెన్సిలు నడుపవలెను. ఇది మీరును ఇంట చేసి చూడవచ్చును. చేయి కుడికి పొమ్మన్న ఎడమకు పోవును. మొలైసన్ మొదటిదినము తడబడెను. రెండవదినము తప్పులు తగ్గినవి. మూడవదినము చేయి చక్కగా సాగినది. అయినను, అట్టి పని మునుపెన్నడైన చేసినట్లు ఆయనకు జ్ఞాపకము లేదు. ఈ ఫలితమును మిల్నర్ 1962లో ప్రకటించెను. చేయి నేర్చినది, నేర్చితినన్న ఎరుక మాత్రము లేదు. సంస్కారము ఏర్పడినది, స్మృతి పుట్టలేదు. నేర్పు ఒకచోట, ‘నేను నేర్చితిని’ అను జ్ఞాపకము వేరొకచోట పనిచేయునని వైద్యలోకము ఈ ఒక్క మనుష్యుని వలన తెలిసికొన్నది. ఆయన 2008లో, 82 ఏండ్ల వయసున మరణించిన పిదపనే ఆయన పూర్తి పేరు లోకమునకు వెల్లడియైనది. అంతవరకు గ్రంథములలో ఆయన రెండక్షరములు మాత్రమే.

ఆ సంస్కారము మెదడులో ఏ రూపమున నుండును? మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవి. ఒక కణము మరియొకదానిని కలిసికొను చోటులను సంధులందుము. కలిసి పనిచేయు కణముల నడుమ సంధి బలపడునని డోనాల్డ్ హెబ్ అను శాస్త్రవేత్త 1949లో ఊహించెను. 1973లో బ్లిస్, లోమో అను ఇరువురు కుందేటి హిప్పోకాంపస్‌లో అట్టి బలపాటును కొలిచి చూపిరి. అడవిలో కాలిబాట ఎట్లు పడునో ఇదియు అట్లే. ఎవరును బాట వేయరు. నడచిన కొలది పడును.

ఇక యంత్రము. విద్యార్థి చెప్పిన మాటలో ఒక చిన్న చిక్కున్నది, దానిని ముందు విప్పవలెను. సహస్రనామమును తప్పులేకుండ టేపు రికార్డరు కూడ చెప్పును. అది నేర్చుట కాదు, దాచుట. పెట్టెలో పెట్టిన ధాన్యమును తీసి యిచ్చినట్లు. నేర్చుకొను యంత్రము వేరు. 1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ అను అమెరికా శాస్త్రవేత్త ‘పర్సెప్ట్రాన్’ అను దానిని ప్రదర్శించెను. కుడివైపున గుర్తున్న కార్డులు కొన్ని, ఎడమవైపున గుర్తున్నవి కొన్ని. ఏది ఏదో యంత్రమునకు ఎవరును సూత్రము చెప్పలేదు. అది ఊహించును; తప్పినచో లోపలి సంధులవంటి అంకెలు కొంచెము సవరింపబడును. ఏబది మారులు చూపిన పిదప అది కుడియెడమలను గుర్తుపట్టినది. మెదడులోని సంధులను చూచియే ఈ కల్పన చేసిరి. తరువాత చాలకాలము ఈ మార్గము మరుగునబడి, అనేక వరుసల అంకెలను ఒకేసారి సవరించు పద్ధతి 1986లో ప్రసిద్ధికి వచ్చిన మీదట మరల తలయెత్తినది. ఆ పని చేసినవారిలో ఒకడైన జెఫ్రీ హింటన్‌కు, జాన్ హాప్‌ఫీల్డ్‌తోపాటు, 2024లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

ఈ యంత్రముల బలముకంటె వాటి బలహీనత మాకు ఎక్కువ విచారణీయముగ తోచుచున్నది. 1989లో మెక్‌క్లాస్కీ, కోహెన్ అను పరిశోధకులు అట్టి యంత్రమునకు ఒకట్ల కూడికలు నేర్పిరి. చక్కగా వచ్చినవి. పిమ్మట రెండ్ల కూడికలు నేర్పిరి. అవి వచ్చుచుండగానే ఒకట్ల కూడికలు చెరిగిపోయినవి. క్రొత్తదానికై సవరించిన అంకెలే పాతదానిని మోయుచుండుటచే ఇట్లయినది. మరి మన మెదడు ఏల చెరిగిపోదు? 1995లో కొందరు శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానము ఇది: మెదడులో రెండు కొఠారులున్నవి. హిప్పోకాంపస్ ఒక్కసారి చూచినదానిని వెంటనే పట్టును. పైపొర మెల్లమెల్లగ, పాతదానితో కలిపి నేర్చును. మొదటిది రెండవదానికి పాఠమును మరల మరల అప్పగించును. ఎలుకలు నిద్రించుచుండగా, అవి మెలకువలో తిరిగినప్పుడు కలిసి పనిచేసిన కణములే మరల కలిసి పనిచేయుట 1994లో కనుగొనబడినది.

వేదపాఠశాలలో పెరిగినవారికి ఇది విన్నపుడు నవ్వు వచ్చును. గురువు ఒకసారి చెప్పగా శిష్యులు రెండుసార్లు చెప్పు సంథ, ఆ మీదట ఆవృత్తులు, క్రొత్త పనస ఎత్తుకొన్నంత మాత్రమున పాతది విడువక దినదినమును వల్లెవేయుట: క్రొత్తది పాతదానిని తినివేయకుండ మన పెద్దలు పెట్టిన కట్టడి ఇదియే గదా. 2016లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 21 మంది వేదపండితుల మెదళ్ళను, వేదాధ్యయనము లేని 21 మంది మెదళ్ళను యంత్రమున చిత్రములు తీసి పోల్చిరి. పండితుల మెదడున కొన్నిభాగములలో, కుడివైపు హిప్పోకాంపస్‌తో సహా, బూడిదరంగు పదార్థము అధికముగ నుండెను. దీనిని పట్టుకొని వేదము చదివిన మెదడు పెరుగునని చాటువారున్నారు. తొందరపడరాదు. చదువుటచే అట్లయినదో, అట్టి మెదడు గలవారే ఆ కఠినమైన చదువున నిలిచిరో, ఒక్కమారు తీసిన చిత్రము చెప్పజాలదు.

ఇప్పటి మాటలాడు యంత్రముల సంగతి మరియు విచిత్రము. 2020లో వచ్చిన జీపీటీ-3 అనుదానిలో సవరింపదగిన అంకెలు 17,500 కోట్లు. ఒక వాక్యమున తరువాతి మాట ఏదియో ఊహించుచు, తప్పినప్పుడెల్ల సవరింపబడుచు అది నేర్చినది. నేర్పుట ముగిసిన పిదప ఆ అంకెలను కదలనీయరు. ఆ మీదట మనము దానితో ఎంతసేపు ముచ్చటించినను ఆ ముచ్చట దాని లోపల ముద్రపడదు. ఆ సంభాషణ దాని యెదుట నున్నంతవరకే. ఇట్టి యంత్రములలో కొన్నింటికి వెలుపల చీటీలు వ్రాసి దాచి, మరల మాటలాడునప్పుడు చదివి వినిపించు ఏర్పాటు చేసినారు. చదువరులకు మొలైసన్ జ్ఞప్తికి రాకమానడు. పాతది అంతయు నున్నది, నేటిది నిలువదు. అయినను ఆయనకును దానికిని ఒక తేడా: అద్దములో చూచి గీచిన చేయి మూడుదినములలో మారినది. యంత్రపు అంకెలు అంతమాత్రమును మారవు.

విద్యార్థికి మేము చెప్పిన ప్రత్యుత్తరము ఇది. యంత్రము నేర్చుచున్నదనిన వేదాంతికి ఉలికిపాటు అక్కరలేదు. అద్వైతమున మనోబుద్ధిచిత్తాహంకారములు నాలుగును కలిసి అంతఃకరణము. అది సూక్ష్మభూతములతో ఏర్పడినది, జడము. సంస్కారములు నిలుచునది అందులోనే. నైయాయికులు మాత్రము భావనాసంస్కారము ఆత్మయందే యుండునందురు. ఈ వివాదము మనలోనే కలదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు అన్నము మాని నీరు మాత్రము త్రాగుమనెను. ఆ మీదట ఋక్కులు చెప్పుమనగా కుమారునికి ఒక్కటియు తోచలేదు. అన్నము తిని వచ్చిన పిదప అన్నియు తోచినవి. జ్ఞాపకము దేహమును, అన్నమును ఆశ్రయించియున్నదని ఉపనిషత్తే పరీక్ష చేసి చూపినపుడు, మెదడులో దానికి చోటున్నదని వైద్యులు చెప్పగా మనము నొచ్చుకొనుట ఎందులకు? జడమైన అంతఃకరణము నేర్చుచుండగా జడమైన యంత్రమును కొంత నేర్చును. ఆ నేర్చుటను ఎరుగువాడు అచట నున్నాడా అనునది వేరు ప్రశ్న. కుడియెడమలను గుర్తుపట్టినంత మాత్రమున ఉన్నాడనరాదు. అద్దపు నక్షత్రమును గీచినట్లు జ్ఞాపకము లేనంత మాత్రమున మొలైసన్‌లో లేడనియు అనరాదు. ఎరుకను కొలుచు పరికరము నేటివరకు ఎవరియొద్దను లేదు.

ఇక ఆ తల్లి ప్రశ్న. మరపు వ్యాధులలో ఎక్కువగ కానవచ్చు ఆల్‌జైమర్ వ్యాధి హిప్పోకాంపస్‌ను, దాని ఇరుగుపొరుగును మొదట దెబ్బతీయును. అందుచే అరగంట క్రిందటి భోజనము నిలువదు. నలుబది యేండ్ల ఆవృత్తితో పైపొరలోను, మాటను నడుపు మార్గములలోను దిగిన నామములు చాలమందిలో ఎక్కువకాలము నిలుచును. వ్యాధి ముదిరినచో అచటికిని చేరవచ్చును. ఆ సంగతి దాచరాదు. ప్రతి మరపును ఆ వ్యాధియే కాదు. థైరాయిడు లోపము వలనను, బి12 విటమిను తగ్గుట వలనను వచ్చు మరపులకు చికిత్స కలదు. కావున వైద్యునికి చూపింపక వార్ధక్యమని ఊరకుండుట తగదని ఆమెకు గట్టిగ చెప్పితిమి.

"ఊరక నోటికి వచ్చుటయా?" అని గదా ఆమె అడిగినది. ఊరక ఏదియు నోటికి రాదు. ఒక్కొక్క ఉదయము కూర్చున్న కూర్చుండుటయే అచట బాటయై పడియున్నది. అది స్మృతి కాకపోవచ్చును. అది ఆమెది కాదనుటకు మాత్రము వీలులేదు. దాని పుణ్యఫలము మాట శాస్త్రము చెప్పవలసినదే గాని మెదడు చిత్రము చెప్పునది కాదు. కోడలు ఇకమీదట "నేనెవరో చెప్పండి, చూతము" అని పరీక్షింపవద్దనియు, పరీక్ష ఎదురైనప్పుడు ఆ పెద్దామెకు మిగులునది భయమేననియు, తానే పేరు చెప్పి పలుకరింపవలెననియు సూచించితిమి.

"నడుమ నామము తప్పినప్పుడు దిద్దవచ్చునా, గురువుగారూ?" అని ఆమె మరల అడిగినారు. ఆపి దిద్దవద్దంటిమి. ప్రక్కన కూర్చుండి తామును కలిసి చెప్పుచు పోయినచో, తప్పినచోట తరువాతి నామమును అత్తగారు తామే అందుకొందురు. ఆ తరువాత ప్రతి శనివారము ఇరువురును మా సభకు వచ్చుచున్నారు. అత్తగారు మమ్ము చూచిన ప్రతిసారి ఏ ఊరివారమని అడుగుదురు, చెప్పుచున్నాము.