కావలి కుక్కకు మోకాలి ఆపరేషన్ : తరువాతి పన్నెండు వారాల సంరక్షణ

పశువుల కొట్టము వద్ద, కళ్లము వద్ద, అడవిపందులు దిగు వేరుశనగ, మొక్కజొన్న చేలలో కుక్క రైతుకు చేయు సహాయము అందరికీ తెలిసినదే. అట్టి కుక్క ఒకనాడు వెనుక కాలు ఎత్తి మూడు కాళ్లతో నడచినచో, ముల్లు గుచ్చుకొన్నదనియో, ఎవరో రాయి విసరినారనియో తలచి ఊరకుందుము. రెండు వారాలైనను కుంటు తగ్గనిచో మోకాలిని అనుమానింపవలెను. పెద్ద కుక్కలలో వెనుక కాలి కుంటుకు మోకాటిలోని లిగమెంటు తెగుట ఒక ముఖ్య కారణము. దీనికి ఆపరేషన్ కలదు. అయితే ఆపరేషన్ పూర్తియైన దినముననే కుక్క బాగుపడినట్లు కాదు. తరువాతి పన్నెండు వారాల పని డాక్టరుది కాదు, రైతుది. ఆ పనిని ఎట్లు చేయవలెనో ఈ వ్యాసములో వివరించుచున్నాము.

మోకాలు ఎక్కడ ఉన్నది?

కుక్క వెనుక కాలిలో వెనుకకు వంగి కనబడు కీలును చాలామంది మోకాలు అనుకొందురు. అది చీలమండ. అసలు మోకాలు దానికి పైన, పొట్ట ప్రక్కన, ముందుకు వంగి ఉండును. తొడ ఎముక, దాని క్రింది ఎముక అక్కడ కలియును. క్రింది ఎముక పైభాగము చదునుగా గాక వెనుకకు వాలి ఉండును. అందుచేత కాలు మోపినప్పుడెల్ల తొడ ఎముక ఆ వాలు మీద జారబోవును. జారకుండ పట్టి ఉంచునది మోకాటి లోపలి లిగమెంటు అను గట్టి నారబంధము.

కుక్కలలో ఈ బంధము ఒక్క దూకుతో తెగుట తక్కువ. పాతబడిన మోకుత్రాడు వలె నెలల తరబడి పోగు పోగుగా చివికి, తుదకు ఏదో చిన్న దూకులో తెగును. బరువు ఎక్కిన కుక్కలలో ఇది మరింత ఎక్కువ. ఒక కాలికి ఈ జబ్బు వచ్చిన కుక్కలలో పలువాటికి కొంతకాలమునకు రెండవ కాలికిని వచ్చుచున్నది. కాబట్టి మంచి కాలిని కాపాడుటయు ఈ సంరక్షణలో భాగమే.

ఆపరేషన్‌లో ఏమి చేయుదురు?

ముఖ్యముగా రెండు పద్ధతులు కలవు. మొదటిదానిలో కీలు వెలుపల గట్టి నైలాను దారమును బిగించి, ఎముకలు జారకుండ చేయుదురు. ఈ దారము కొంతకాలము మాత్రమే ఆధారము. ఈలోగా కీలు చుట్టును మచ్చకండ పెరిగి, అదియే శాశ్వతముగ కీలును పట్టి ఉంచును. రెండవదానిలో క్రింది ఎముక పైభాగమును వంపుగా కోసి, వాలు తగ్గునట్లు త్రిప్పి, లోహపు పట్టీతోను మరలతోను బిగింతురు. ఇది బరువైన కుక్కలకు ఎక్కువగా చేయుదురు. కోసిన ఎముక అతుకుటకు ఎనిమిది నుండి పన్నెండు వారాలు పట్టును. చిన్న కుక్కలలో కొన్ని ఆపరేషన్ లేకయే విశ్రాంతితో తేరుకొనును. ఏ కుక్కకు ఏది తగినదో పరీక్షించి చెప్పవలసినది పశువైద్యుడే.

ఇచ్చట రైతులు ఒక విషయము గ్రహింపవలెను. మామిడి అంటు చిగిర్చినంత మాత్రమున అతుకు గట్టిపడినట్లు కాదు. చిగురు చూచి కట్టు విప్పి, గాలికి వదలినచో అంటు ఊడిపోవును. కుక్క సంగతియు అట్టిదే. మూడు నాలుగు వారాలకు నొప్పి తగ్గి, తోక ఆడించుచు పరుగెత్తజూచును. లోపల ఎముకగాని మచ్చకండగాని ఇంకను గట్టిపడదు. యజమాని జాలిపడి గొలుసు విప్పునది ఈ సమయముననే. ఒక్క పిల్లిని తరిమినను దారము తెగవచ్చును, మరలు కదలవచ్చును. అప్పుడు మరల ఆపరేషన్, మరల ఖర్చు, కుక్కకు మరల బాధ.

ఇంటికి తెచ్చుటకు ముందే చేయవలసిన ఏర్పాట్లు

వసారాలో నీడ, గాలి ఉన్న మూల ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల చోటును వెదురు తడికలతో దడి కట్టవలెను. కుక్క లేచి తిరిగి పండుకొనుటకు చాలినంత ఉండవలెను గాని దూకుటకు చోటు ఉండరాదు. గొలుసుతో కట్టుట కంటె దడియే మేలు. గొలుసున ఉన్న కుక్క ప్రతి అలికిడికి ఉరికి, గొలుసు చివర వెనుక కాళ్లపై లేచును. ఆ బరువంతయు మోకాళ్లపైననే పడును.

గచ్చు, టైల్స్, నాపరాళ్లపై కుక్క కాలు జారును. గోనెసంచులను రెండు మడతలుగా కుట్టి పరచి, అంచులు కదలకుండ బరువు పెట్టవలెను. మంచములు ఎక్కనీయరాదు, మెట్లు ఎక్కనీయరాదు. ఇతర కుక్కలను వేరుగా ఉంచవలెను. చిత్త కార్తె రోజులలో మగకుక్క దడి విరిచియైన బయటకు పోవును. ఆడకుక్క ఉన్నచో ఊరి కుక్కలు దడి చుట్టు చేరును. ఆ రోజులలోను, దీపావళి టపాకాయల రాత్రులలోను కుక్కను తలుపు గల గదిలో ఉంచుట క్షేమము.

చేను కావలికి వేరొక ఏర్పాటు ముందుగానే చేసికొనవలెను. పందులు దిగినవని ఒక్క రాత్రికి కుక్కను విడిచి, రెండు నెలల శ్రమను వృథా చేసికొనరాదు. అట్లని పంట ఇంటికి వచ్చువరకు ఆపరేషన్‌ను వాయిదా వేయుటయు మంచిది కాదు. ఆలస్యమైన కొలది తొడ కండ కరగును, కీలు అరుగును.

మొదటి రెండు వారాలు

మత్తు ఇచ్చిన నాటి రాత్రి మామూలు తిండిలో సగమే పెట్టవలెను. నీరు కొద్దికొద్దిగా ఇవ్వవలెను. మొదటి మూడు దినములు మంచుముక్కలను గుడ్డలో చుట్టి, మోకాలిపై పది పదిహేను నిమిషాల చొప్పున దినమునకు మూడు నాలుగు సార్లు ఉంచవలెను. మంచు నేరుగా చర్మమునకు తగులరాదు. వాపు చీలమండ వరకు దిగుట సహజమే, కొలది దినములలో తీయును.

మలమూత్రములకు మాత్రమే బయటకు తీసికొనిపోవలెను. పట్టెడకు పొట్టి త్రాడు కట్టి ఒక చేత పట్టుకొని, పొట్ట క్రిందుగా తువ్వాలు వేసి వెనుక భాగమునకు రెండవ చేత ఆసరా ఇవ్వవలెను. కుక్కను తువ్వాలుతో గాలిలోనికి ఎత్తరాదు. తొట్రుపడకుండ కాపాడిన చాలును.

కుట్లు విప్పువరకు, అనగా పది నుండి పదునాలుగు దినముల వరకు, గాయమును నాకనీయరాదు. కుక్క నాకిన గాయము త్వరగా మానునని మనవారు నమ్ముదురు. అది పొరపాటు. నాకుటచే కుట్లు ఊడును, చీము పట్టును. డాక్టరు ఇచ్చిన గరాటువంటి మెడతొడుగును తినునప్పుడు తప్ప తీయరాదు. పసుపు, బూడిద, ఆముదము, కిరసనాయిలు గాయమునకు పూయరాదు. స్నానము చేయింపరాదు. ఈగలు వాలకుండ దోమతెర కట్టుట మంచిది. పురుగులు కనబడినచో అదే దినము డాక్టరుకు చూపవలెను.

నొప్పిలో ఉన్న కుక్క యజమానినైనను కరవవచ్చును. గాయము చూచునప్పుడు ఒకరు తల పట్టుకొనవలెను. కరచినచో సబ్బుతో పదిహేను నిమిషాలు ధారాళముగ నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. కుక్కకు పిచ్చికుక్క వ్యాధి టీకా ప్రతి సంవత్సరము వేయించుట మరువరాదు.

మందుల విషయము

మన తలనొప్పికి, ఒంటినొప్పులకు వాడు మాత్రలు కుక్కకు ఇవ్వరాదు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కాలేయమును, జీర్ణాశయమును, మూత్రపిండములను చెరుపగలవు. వీనిలో డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడుట రాబందుల నాశనమునకు కారణమైనందున 2006లో మన దేశమున నిషేధింపబడినది. డాక్టరు బరువు చూచి వ్రాసిన మందును, వ్రాసిన మోతాదులో, అన్నము తిన్న తరువాత ఇవ్వవలెను. వాంతి, నల్లని విరేచనము కనబడినచో మందు ఆపి డాక్టరును అడుగవలెను.

మూడవ వారము నుండి పన్నెండవ వారము వరకు

కుట్లు విప్పిన తరువాత, డాక్టరు అనుమతితో, పొట్టి త్రాడుపై నడక ప్రారంభింపవలెను. మొదట ఐదు నిమిషాల చొప్పున దినమునకు మూడు నాలుగు సార్లు చాలును. కుంటు పెరగనిచో నడకను వారమునకు ఐదు నిమిషాల వంతున పెంచవచ్చును. నడక మెల్లగా ఉండవలెను. మెల్లగా నడిచిననే కుక్క నాలుగవ కాలు మోపును, వేగముగా పోయినచో ఎత్తి మూడు కాళ్లతో గెంతును. వేసవిలో తెల్లవారుజామున, సాయంత్రము నడిపింపవలెను. కాలిన నేలపై నడిపింపరాదు.

డాక్టరు చెప్పినచో కీలును చేతితో ఆడింపవచ్చును. కుక్కను మంచి కాలి వైపు పండుకొనబెట్టి, ఒక చేత తొడను, ఒక చేత చీలమండను పట్టి, మోకాలిని మెల్లగా వంచి చాపవలెను. పది పదిహేను సార్లు చాలును. కుక్క తల త్రిప్పి చూచినను, కండ బిగించినను అక్కడ ఆగవలెను.

ఎముక కోసిన ఆపరేషన్ అయినచో సుమారు ఎనిమిదవ వారమున ఎక్స్‌రే తీయింపవలెను. ఎముక అతికినదని డాక్టరు చెప్పువరకు కుక్క ఎంత హుషారుగా ఉన్నను విడువరాదు. తరువాత ఇరువది ముప్పది నిమిషాల నడక, చిన్న గట్టు ఎక్కించుట, కూర్చుండబెట్టి లేపుట వంటి పనులతో తొడ కండ పెంచవలెను. పన్నెండు వారాల పిమ్మట, డాక్టరు అనుమతితో, కొద్దిసేపు వదలవచ్చును. రాత్రి కావలికి, పరుగులకు నాలుగు నుండి ఆరు నెలలు ఆగుట క్షేమము.

మేలు జరుగుచున్నదో లేదో కొలిచి చూడవలెను. రెండు వారాలకొకసారి రెండు తొడలను ఒకే చోట టేపుతో కొలిచి, తేదీతో పుస్తకమున వ్రాసికొనుడు. చిక్కిన తొడ మెల్లగా మంచి తొడతో సమానము కావలెను.

తిండి

పని లేని కుక్కకు పని చేయు కుక్క తిండి పెట్టరాదు. విశ్రాంతి దినములలో సుమారు నాల్గవ వంతు తగ్గింపవలెను. జాలితో నెయ్యి, బెల్లము, మిగిలిన పిండివంటలు పెట్టరాదు. అన్నము తగ్గించి ఉడికిన గ్రుడ్డు, మాంసము, కూరగాయ ముక్కలు పెట్టుట మంచిది. ప్రక్కటెముకలు కంటికి కనబడక, చేతికి తగులుచుండవలెను. చేతికి తగులనిచో బరువు ఎక్కువైనట్లు. ఆ బరువును మోయునది మంచి మోకాలే.

వెంటనే డాక్టరుకు చూపవలసిన గుర్తులు

1. కాలు మోపుచున్న కుక్క అకస్మాత్తుగా మరల ఎత్తుట.
2. రెండు వారాలైనను కాలి వ్రేళ్లనైన నేలకు ఆనింపకుండుట.
3. గాయము నుండి చీము, రక్తము కారుట, కుట్లు విచ్చుట.
4. జ్వరము 103 డిగ్రీల ఫారన్‌హీటు దాటుట. కుక్కకు 101 నుండి 102.5 వరకు సహజము.
5. ఒక దినమంతయు తిండి ముట్టకుండుట.

ఈ ఆపరేషన్ అన్ని గ్రామ పశువైద్యశాలలలో చేయుటకు వీలుండదు. తిరుపతి, హైదరాబాదు, గన్నవరములందలి పశువైద్య కళాశాలల ఆసుపత్రులలో విచారింపవచ్చును. మీ దగ్గరి పశువైద్యుని ద్వారా వెళ్లుట మేలు. కుట్లు విప్పుటకు, మందులకు, తరువాతి పరీక్షలకు ఆయన సహాయమే కావలసి వచ్చును.

కుక్క తనకు నొప్పి తగ్గినదని మాత్రమే ఎరుగును, ఎముక అతుకలేదని ఎరుగదు. కనుక పన్నెండు వారాలు దాని పక్షమున మీరే ఓపిక పట్టవలెను. దడి తలుపు నిలిపినంతకాలము ఆపరేషన్ నిలుచును.