మనసుకూ ఒక కొలమానం

రక్తంలోని చక్కెరను కొలవడానికి ఒక్క నెత్తుటి బొట్టు చాలు. గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్ పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటు స్థితిని సైతం తెలియజేస్తుంది. కాని మధుమేహంతో నిత్యం జీవించే మనిషి మనసు ఎంతగా నలుగుతున్నదో ఏ రక్తపరీక్షా చెప్పలేదు. 2023లో వెలువడిన భారతీయ వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనే. కనుక ఇది కొందరి సమస్య మాత్రమే కాదు.

ఏలూరు జిల్లాలోని నూజివీడు ప్రాంతం మామిడికి పేరెన్నికగన్నది. వేసవిలో చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి పండ్లతో అక్కడి ఇళ్లు ఘుమఘుమలాడుతాయి. అటువంటి చోట మధుమేహమున్న తోట రైతుకు తాను పెంచిన చెట్టు పండే పరీక్షగా మారుతుంది. తింటే తప్పు చేశానన్న బాధ, తినకుంటే ఏదో కోల్పోయానన్న వెలితి. చుట్టాలు ఒక్క పండుకేమవుతుందని బలవంతపెడతారు. ఇంటివారు ప్రతి ముద్దనూ లెక్కిస్తారు. ఈ వేదన కుంగుబాటు వ్యాధి వంటిదే కానక్కరలేదు. అది మధుమేహంతో జీవించడంలోని భారం నుండి పుట్టినది.

ఈ భారాన్ని కొలవడానికి అమెరికాలోని జోస్లిన్ మధుమేహ కేంద్రపు పరిశోధకులు రూపొందించిన ‘ప్రాబ్లం ఏరియాస్ ఇన్ డయాబెటిస్’ అనే ప్రశ్నావళి 1995లో వెలుగుచూసింది. అందులో 20 అంశాలున్నాయి. ఆహారంపై ఆంక్షలు, భవిష్యత్తును గురించిన భయం, ఒంటరితనం మొదలైనవి తనను ఎంతగా బాధిస్తున్నాయో రోగి 0 నుండి 4 వరకు అంకెలతో సూచిస్తాడు. మొత్తాన్ని 1.25తో హెచ్చిస్తే 100కు లెక్క వస్తుంది. 40 లేక అంతకు మించితే తీవ్రమైన వేదనగా పరిగణిస్తారు.

అయితే మొత్తం ఒక్కటే చాలదు. ఇద్దరికీ 40 రావచ్చు. ఒకరిది తిండిని గురించిన వెలితి, మరొకరిది చూపు పోతుందన్న భయం కావచ్చు. మొదటివారికి అన్నం కొంత తగ్గించుకొని, వైద్యుని సలహాతో మితంగా పండు తినే పద్ధతి నేర్పాలి. రెండవవారికి కంటి పరీక్ష చేయించి ధైర్యం చెప్పాలి. కొన్ని నెలల తరువాత మళ్లీ అడిగితే మార్పు తెలుస్తుంది.

భాష విషయంలోనూ జాగ్రత్త అవసరం. దిగులు, బెంగ, విసుగు అనే మాటలు ఒకే భావాన్ని తెలుపవు. అందుకే అనువదించిన ప్రశ్నలను మరొకరిచేత తిరిగి మూలభాషలోకి మార్పించి సరిచూస్తారు.

సర్దుబాటు అంటే కోరికలన్నీ చంపుకోవడం కాదు; వ్యాధిని జీవితంలో ఒక భాగంగా చేసుకొని, జీవితమంతా వ్యాధి కాకుండా చూసుకోవడం. చక్కెర ఎంత ఉందని అడిగిన నోటితోనే మనసెలా ఉందని అడిగినప్పుడు వైద్యం సంపూర్ణమవుతుంది.