విడుదల తేదీ ఎలా నిర్ణయించాలి?

లినక్స్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. దాని ప్రసిద్ధ రూపాల్లో ఒకటి డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ దీన్ని ప్రారంభించాడు. నేటికీ దీన్ని నడిపేది అనేక దేశాల స్వచ్ఛంద కార్యకర్తలే. ఫలానా తేదీకి పని పూర్తిచేయమని అక్కడ ఎవరూ ఎవరినీ ఆజ్ఞాపించలేరు. మరి కొత్త వెర్షన్‌ను ఎప్పుడు విడుదల చేయాలి?

మొదటి పద్ధతి, అన్నీ సిద్ధమైనప్పుడే విడుదల చేయడం. డెబియన్ చాలాకాలం ఇదే పాటించింది. నాణ్యత బాగుండేది, కానీ ఆలస్యం పెరిగేది. 2002 జూలైలో 3.0 వచ్చాక, 3.1 రావడానికి 2005 జూన్ దాకా పట్టింది. గడువు తెలియనప్పుడు ప్రతివారూ "ఇదొక్కటీ చేరుద్దాం" అంటారు. చేరిన ప్రతి కొత్త అంశంతో కొత్త తప్పులూ వస్తాయి.

రెండవది, క్యాలెండర్ ప్రకారం విడుదల చేయడం. గ్నోమ్, ఉబుంటు ఆరు నెలలకొకసారి విడుదలవుతాయి. సిద్ధం కాని అంశం మన సప్లిమెంటరీ పరీక్షలాగా తరువాతి విడతకు పోతుంది. గ్నోమ్‌లో కొంత గడువు తరువాత తెరపై కనిపించే వాక్యాలను మార్చకూడదు. తెలుగుతో సహా అన్ని భాషల అనువాదకులకూ అప్పుడే సమయం చిక్కుతుంది. అయినా 2006 ఏప్రిల్‌లో రావలసిన ఉబుంటు జూన్‌లో వచ్చింది.

డబ్బిస్తే పని త్వరగా అవుతుందా? 2006లో కొందరు నిధి సేకరించి, డెబియన్ విడుదల బాధ్యులు ఇద్దరికి పారితోషికం ఇచ్చారు. అందరూ ఉచితంగా పనిచేస్తుంటే ఇద్దరికే డబ్బా అని కొందరు నొచ్చుకున్నారు. డిసెంబరులో రావలసిన 4.0 చివరికి 2007 ఏప్రిల్‌లో వచ్చింది.

2009లో డెబియన్ మధ్యేమార్గం ఎంచుకుంది. కొత్త అంశాలు చేర్చడానికి ఆఖరి గడువును రెండేళ్ళకొకసారి ముందే నిర్ణయిస్తారు. ఆ తరువాత తప్పులు దిద్దడమే పని. తీవ్రమైన తప్పులు తీరాకే విడుదల. ఇలాంటి మ్యాగజైన్‌కు రచనలు పంపే ఆఖరి తేదీ వేరు, ప్రూఫులు దిద్ది అచ్చుకిచ్చే రోజు వేరు కదా! భద్రతా లోపాల సవరణలు మాత్రం దేనికోసమూ ఆగవు, వెంటనే పంపుతారు. 2011లో 6.0 వచ్చింది మొదలు 2025 ఆగస్టులో వచ్చిన 13 వరకు ప్రతి వెర్షనూ సుమారు రెండేళ్ళకు వస్తూనే ఉంది.

స్వచ్ఛందంగా పనిచేసేవారి వేగాన్ని మనం శాసించలేం. కొత్త పని చేర్చుకోవడం ఎప్పుడు ఆపాలో మాత్రం నిర్ణయించుకోగలం. డెబియన్ నేర్చుకున్నది ఇదే.

సోదర విద్యార్థులారా! ఇందులో పాల్గొనడానికి ఫీజు లేదు, డిగ్రీ అడగరు. ఒక తప్పును గుర్తించి వివరంగా రాసి పంపినా, నాలుగు వాక్యాలను తెలుగులోకి మార్చినా అది సేవే. ప్రయత్నించండి!