మడి బురద నుండి బంగాళాఖాతము వరకు



తుర్కయంజాల్‌లో మాసబ్ చెరువు కట్టపై ఒకనాడు కూర్చుండియుండగా, ఒక వృద్ధ కర్షకుడు నన్నిట్లడిగెను: “అయ్యా, మడిలో చల్లిన యూరియా అంతయు పైరునకు చేరదు గదా, మిగిలినది ఎటు పోవుచున్నది?” ఆ ప్రశ్నకు సమాధానము వెదకినచో సముద్రము వరకు పోవలసివచ్చును.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. అమ్మోనియాగనో నైట్రేటుగనో మారినప్పుడే అది ఆహారమగును. యూరియా మడిలో అమ్మోనియాగా మారి, కొంత గాలిలో కలియును. బురద పైపొరకు ప్రాణవాయువు అందును గనుక, అచటి సూక్ష్మజీవులు మిగిలిన అమ్మోనియాలో కొంత నైట్రేటుగా మార్చును. ఆ నైట్రేటు క్రింది నల్లని బురదలోనికి దిగినప్పుడు, ప్రాణవాయువు దొరకని వేరు సూక్ష్మజీవులు దానితోనే శ్వాస సాగించి, నత్రజనిని తిరిగి గాలికి విడుచును. రైతు వెచ్చించిన ధనములో కొంత ఈ విధముగా బుడగలై పోవుచున్నది.

సముద్రములోను ఇట్లే జరుగును. మీదినీటి నాచు చచ్చి లోతునకు దిగి క్రుళ్లునప్పుడు ప్రాణవాయువు ఖర్చగును. అరేబియా సముద్రపు నడిలోతులలో అది పూర్తిగా హరించిపోవుటచే నైట్రేటు విస్తారముగా వాయువగుచున్నది. నైట్రైటును అమ్మోనియాతో కలిపి నత్రజనిగా మార్చు మరియొక జాతియు కలదు. దీనిని 1990వ దశకమున హాలండులోని డెల్ఫ్ట్ నగరమున మురుగునీటిని శుద్ధిచేయుచు కనుగొనిరి.

మన బంగాళాఖాతపు సంగతి విచిత్రము. నదుల మంచినీరు తేలికయగుటచే మీద పరచుకొని, గాలిని లోతునకు దిగనీయదు. అయినను 2017లో వెలువడిన పరిశోధనను బట్టి, ఆ లోతులలో మీదినీటియందలి ప్రాణవాయువులో వేయవ వంతో, అంతకన్న తక్కువయో మిగిలియున్నది. నత్రజనిని విడుచు జీవులు అచట సిద్ధముగానే యున్నవి. కాని ఆ లేశమాత్రపు ప్రాణవాయువుతో వేరొక జాతి నైట్రైటును మరల నైట్రేటుగా మార్చివేయుచున్నందున, వానికి మేత చాలకున్నది. ఆ లేశమును హరించినచో ఈ సముద్రమును అరేబియా సముద్రము వలె తన ఎరువును కోల్పోవచ్చును.

ఈ ప్రాంతపు మూసీ వాడపల్లి వద్ద కృష్ణలోను, కృష్ణ హంసలదీవి వద్ద సముద్రములోను కలియుచున్నవి. పొలము విడిచిన ఎరువు నీటితో సాగి, నాచును పెంచి, ఆ లేశమునకే ముప్పు తేగలదు. కావున యూరియాను ఒక్కసారిగా గాక, పైరు కోరినప్పుడు కొద్దికొద్దిగా వేయుడని మనవి. అది మీ పెట్టుబడికిని, మన సముద్రమునకును మేలు. సెలవు.