నమూనా రైలింజను – పళ్ళచక్రపు పగులు

యంత్రానికి జబ్బు చేసినప్పుడు చప్పుడు ఒకచోట, దోషం మరొకచోట ఉండటం కద్దు. కార్యాన్ని చూచి కారణాన్ని ఊహించే విద్యను బాలురకు నేర్పడానికి అరచేతిలో ఇమిడే నమూనా రైలింజను చక్కని సాధనం.

ఇటువంటి రైళ్ళకు దీర్ఘమైన చరిత్రే ఉన్నది. జర్మనీకి చెందిన మెర్క్లిన్ సంస్థవారు 1891లో లైప్‌జిగ్ సంతలో తాళంచెవితో నడిచే రైలును ప్రదర్శించారు. 1920లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో హార్న్‌బీ రైళ్ళు వెలిసినవి. నేడు విశేష ప్రచారంలో ఉన్న ‘హెచ్.ఓ.’ కొలతలో నమూనా అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు.

ఈ ఇంజనులలో మోటారు వేగం అధికం, బలం స్వల్పం. అందుచేత మోటారు కడ్డీకి మరచుట్టు గల ‘వర్మ్’ను అమరుస్తారు. ఒంటి చుట్టు వర్మ్ ఒకసారి తిరిగితే, దానితో కూడిన పళ్ళచక్రం ఒక్క పన్ను మాత్రమే జరుగుతుంది. వేగం తగ్గి బలం పెరుగుతుంది. సాధారణంగా వర్మ్ చక్రాన్ని త్రిప్పగలదు గాని, చక్రం వర్మ్‌ను త్రిప్పలేదు. కనుక ఇంజనును చేతితో నెట్టినప్పుడు చక్రాలు కదలకపోతే అది రోగం కాదు, స్వభావం.

అమెరికాలో 1990 దశకంలో వెలువడిన ‘ప్రోటో 2000’ నమూనాలు అందానికీ, మృదువైన నడకకూ పేరు పొందినవి. కాని వాటిలోని జీపీ తరగతి ఇంజనులు పలువురి ఇండ్లలో కొన్నేండ్లకు టక్కుటక్కుమంటూ కుంటసాగినవి. మొదట అనుమానం మోటారు మీదకే పోతుంది. నిదానించి పరీక్షిస్తే నిజం వేరు.

చప్పుడు పట్టాల మీద ఎప్పుడూ ఒకే తావున వినిపిస్తే తప్పు పట్టాలది. ఇంజనుతోపాటు ప్రయాణం చేస్తే ఇంజనుది. ఇక లెక్క చూడవలెను. ఈ తరగతి అసలు ఇంజను చక్రం వ్యాసం 40 అంగుళాలు. నమూనాలో అది 11.7 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 37 మిల్లీమీటర్లు. అంటే మూరెడు దూరంలో చక్రం పన్నెండు సార్లకు పైగా తిరుగుతుంది. టక్కుమనే శబ్దం కూడా అన్నిసార్లే వినిపిస్తే, దోషం చక్రపు ఇరుసు మీది పన్నులోనే ఉన్నదన్నమాట. మోటారు దోషమే అయితే శబ్దం అంతకు ఎన్నో రెట్లు త్వరగా వస్తుంది.

అప్పుడు బోగీని విడదీసి, వర్మ్‌ను తొలగించి, గాజుపలక మీద దొర్లించవలెను. వెంట్రుకలు, ఎండిన గ్రీజు తీసివేసినా తట్టుకుంటూనే ఉంటే, భూతద్దంతో పళ్ళ నడిమి లోయలను చూడవలెను. అక్కడ సన్నని పగులు కనిపిస్తుంది. పగిలినచోట రెండు పళ్ళ మధ్య ఎడం పెరుగుతుంది; ఎదుటి పన్ను అందులో ఇమడక ఎగిరి పడుతుంది. ఇరుసు పట్టు సడలి, చక్రాల నడుమ దూరం మారి, బండి పట్టాలు తప్పుతుంది కూడా.

ఈ పగులుకు మూలం కూర్పులోనే ఉన్నది. మన కమ్మరి ఎడ్లబండి చక్రానికి ఇనుప కట్టును కాల్చి తొడుగుతాడు. చల్లారినకొద్దీ కట్టు బిగిసి చెక్కను అదిమి పట్టుతుంది. అదిమితే చెక్క ఓర్చుకుంటుంది. లాగుడును ఇనుము ఓర్చుకుంటుంది. ఇక్కడ వ్యవహారం తారుమారు. లోపలి ఇరుసు లోహం. దానిపై బిగించినది ప్లాస్టిక్ చక్రం. తొడిగిన దినం నుండి ఆ చక్రం సాగదీయబడుతూనే ఉంటుంది. బండిని పెట్టెలోనే దాచి ఉంచినా, ఏండ్లు గడచేసరికి పళ్ళ మధ్య పలుచని చోట అది విచ్చుకుంటుంది.

జిగురుతో అతికించడం నిష్ఫలం. ఆ జాతి ప్లాస్టిక్‌కు జిగురు సరిగా అంటదు. అంటినా లోపలి బిగింపు పోలేదు కదా! క్రొత్త చక్రాన్ని తొడిగి, చక్రాల మధ్య దూరాన్ని కొలబద్దతో సరిచూచి, ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజును లేశమాత్రం రాయవలెను.

ఈ పరీక్ష తెలియక మంచి మోటారును మార్చినవారూ, ఇంజనునే మూలపడవేసినవారూ ఉన్నారు. ఒక్కొక్క భాగాన్ని వేరుచేసి, ఒక్కసారికి ఒక్క అనుమానాన్నే తీర్చుకోవడం ప్రయోగశాలలో అనుసరించే పద్ధతే. పాఠశాలలో అటువంటి ఇంజను ఒక్కటి ఉన్నా, విద్యార్థి చేత విప్పించి, చప్పుళ్ళు లెక్కపెట్టించి, మరల కూర్పించవచ్చును. పగిలిన చక్రం కూడా ఆ తరగతికి పాఠ్యవస్తువే.